అభ్యర్థి ఎవరు, పోటీదారు ఎవరు?

తెలుగు పేపర్లో రోజూ కనిపించే మాటల్లో ‘అభ్యర్థి’ ఒకటి. మొదటి పేజీలో ఫలానా పార్టీ అభ్యర్థి నామినేషన్ వేస్తాడు. లోపలి పేజీలో గ్రూప్-2 అభ్యర్థులు గంట ముందే కేంద్రాలకు చేరుకోవాలని ఉంటుంది. ఒకాయన వెనక కార్ల బారు, డప్పులు, బాణసంచా. ఇంకొకరి చేతిలో హాల్‌టికెట్, ఆధార్ కార్డు, నీలమో నలుపో బాల్‌పెన్ను. ఇద్దరికీ ఒకటే పేరు.

చాలా ఏళ్లు ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. ఎన్నికలొస్తే ఒక రకంగా, నోటిఫికేషన్లొస్తే ఇంకో రకంగా ఈ మాటను హెడ్డింగుల్లో ఇరికించడమే మా పని. అలా వాడీ వాడీ నాకొక అభిప్రాయం గట్టిపడింది. అభ్యర్థి అన్న మాట ఎన్నికల్లోనే ఉండాలి, పరీక్షల్లోంచి పోవాలి. పరీక్ష రాసేవాళ్లకు ‘పోటీదారు’ సరిపోతుంది. మనం చేస్తున్నది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఓట్లడిగేవాణ్ని కొత్తగా ‘పోటీదారు’ అంటున్నాం, పోటీపడి చదివేవాళ్లను అభ్యర్థులంటున్నాం.

అర్థి అంటే అడిగేవాడు, కోరేవాడు. విద్య కోరేవాడు విద్యార్థి, శరణు కోరేవాడు శరణార్థి. పాతకాలపు న్యాయశాస్త్రంలో ఫిర్యాదు పట్టుకొచ్చినవాడు అర్థి, అతనికి జవాబు చెప్పాల్సినవాడు ప్రత్యర్థి. ఆ రెండో మాటను కోర్టుల నుంచి తెచ్చి ఎన్నికల్లో పెట్టుకున్నాం. ముందు ‘అభి’ చేరితే మనవైపు వచ్చి, మన ముందు నిలబడి అడగడం. అందుకే ఎన్నికల కరపత్రం ఎవరిదైనా చివరి వరుస ఒకేలా ఉంటుంది: మీ అమూల్యమైన ఓటును ఫలానా గుర్తుపై వేసి అత్యధిక మెజారిటీతో గెలిపించ ప్రార్థన. సంతకం దగ్గర ‘మీ అభ్యర్థి’. ఐదేళ్లలో ఆయన ‘ప్రార్థన’ అనే సందర్భం ఇదొక్కటే కావచ్చు గానీ, మాట మాత్రం చోటు తప్పలేదు. ఇంగ్లీషు క్యాండిడేట్ వెనక, ఓట్లడగడానికి తెల్ల బట్టలు కట్టుకున్న రోమన్ల కథ ఉందని, మన నాయకుల తెల్ల ఖద్దరుకీ దానికీ ముడిపెట్టి చాలామంది రాశారు. నాకా కథకన్నా మన మాటే నచ్చుతుంది. తెల్ల చొక్కా ఎవరైనా తొడుక్కోవచ్చు. అడగడం కష్టం.

ఇక్కడ కాస్త డెస్కు గోల. సగం ఫ్లెక్సీల మీద ‘అభ్యర్ధి’ అని ధ పెట్టి ఉంటుంది. అర్ధ అంటే సగం. థ వత్తు పెట్టాల్సిన చోట ధ వత్తు పెడితే అడిగేవాడు కాస్తా సగంవాడవుతాడు. పొత్తుల్లో సీటు వచ్చినవాళ్లకైతే అదే నిజమేమో!

అంతకన్నా పెద్ద తలనొప్పి ‘అభ్యర్థిని’. ‘అభ్యర్థిని మార్చిన అధిష్ఠానం’ అని హెడ్డింగు పెడితే మార్చింది పురుషుణ్నో స్త్రీనో తెలియదు. విభక్తి ‘ని’నో, స్త్రీలింగ ‘ని’నో కంటికి ఒకటే. స్త్రీ అని స్పష్టంగా చెప్పాలంటే ‘అభ్యర్థినిని మార్చిన’ అనాలి. నోటితో అని చూడండి. మా డెస్కులో దీని మీద వాదన వచ్చినప్పుడల్లా నేను ఒకటే పక్షం: అభ్యర్థి అంటే ఆడా మగా ఇద్దరూనూ. మంత్రికీ కలెక్టరుకీ లేని స్త్రీలింగం దీనికెందుకు? చాలామంది ఒప్పుకున్నారు. ఒకరిద్దరు సీనియర్లు మాత్రం రిటైరయ్యేదాకా ‘అభ్యర్థిని’ వదల్లేదు.

మనకు ఇంకో మాట ఉండేది, ఉమేదువారు. ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఉమేదు అంటే ఆశ. హిందీ పేపర్లలో ఇప్పటికీ ఎన్నికల్లో నిలబడ్డవాడు ఉమ్మీద్‌వారే. తెలుగు దేశాల్లో మాత్రం ఉమేదువారంటే ఎక్కువగా కచేరీల, అంటే సర్కారీ ఆఫీసుల, చుట్టూ తిరిగేవాడు. ఎప్పుడో ఒక గుమాస్తా ఉద్యోగం ఖాళీ కాకపోతుందా అని జీతం లేకుండా కాయితాలు నకళ్లు రాసిపెడుతూ కాచుక్కూర్చునేవాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందుల్లో కనబడే పిల్లలకు అంతకన్నా సరైన మాట లేదనిపిస్తుంది. ఆశే వాళ్ల పని. ఆ మాట పోయింది, ‘యాస్పిరెంట్’ వచ్చింది. ఇదీ ఆశే, కాకపోతే ఫీజు కట్టి కొనుక్కున్న ఆశ.

రాజకీయాల్లోనూ ఆశకు ఒక మాట పుట్టింది, ‘ఆశావహులు’. టికెట్ రాకముందు ఆశావహుడు, వచ్చాక అభ్యర్థి, రాకపోతే రెబల్. ఆ మధ్య దశకు ‘బుజ్జగింపులు’. ఈ పదజాలం అంతా పేపర్లవాళ్లు పెంచి పోషించిందే. అందులో నా చెయ్యీ ఉంది.

ఎన్నికల్లో అభ్యర్థి అన్న మాట దాని అసలు అర్థానికి న్యాయం చేసిన సందర్భాలు నాకు తెలిసి మన దగ్గర రెండున్నాయి. చిత్రంగా ఆ రెంటిలోనూ నిలబడ్డవాళ్లలో ఎక్కువమందికి గెలవాలని లేదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో మా నల్గొండ స్థానానికి 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన జిల్లా. కృష్ణా నీళ్లు పక్కనుంచే పోతున్నా తాగడానికి చుక్క వచ్చేది కాదు. జలసాధన సమితి పిలుపు మీద జనం వందల సంఖ్యలో నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ ఎన్నికల్లో ఈవీఎంలు లేవు, ఆ పుస్తకంలో పేరు వెతుక్కుని ముద్ర వెయ్యాలి. గెలిచింది సీపీఐకి చెందిన బొమ్మగాని ధర్మభిక్షం. వందలమంది అర్థులు నిలబడ్డ చోట ఆ పేరున్నాయన గెలవడం కాకతాళీయమే అయినా, మా జిల్లావాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ 480లో చాలామంది అడిగింది ఓటు కాదు, నీళ్లు. ఓటరును కాదు, ఢిల్లీని అడిగారు. అభ్యర్థి అంటే నిఘంటువులో ఉన్న అర్థం అదే కదా.

ఢిల్లీ విన్నది, తన పద్ధతిలో. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 చేసింది. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకుల సంతకాలు కావాలంది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క సంతకం చాలు. తర్వాత డిపాజిట్ 25,000 అయింది. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అదీ పోతుంది.

అయినా 2019లో నిజామాబాద్ పసుపు రైతులు ఆ 25 వేలూ కట్టారు. మొత్తం 185 మంది బరిలో ఉంటే 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలి, ఎర్రజొన్నకు ధర కావాలి. ఒక బ్యాలెట్ యూనిట్‌లో పట్టేది 16 పేర్లు. 185 పేర్లకూ, అదనంగా నోటాకూ కలిపి ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు వరసగా పరచాల్సి వచ్చింది. ఇంట్లో పెళ్లికి వేసిన బంతి విస్తళ్లలాగా మిషన్లు. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు. బోర్డు మాత్రం 2025 జనవరిలో గానీ మొదలు కాలేదు. అన్నేళ్లు పట్టినా, ‘డిపాజిట్ గల్లంతు’ అని మేం ఒక్క లైనులో తేల్చేసే మనుషులు డబ్బు పోతుందని తెలిసే కట్టారు. అది ఓటమి లెక్కలో రాయాల్సింది కాదు, దరఖాస్తు ఫీజు లెక్కలో రాయాలి.

ఇప్పుడు రెండో అభ్యర్థి దగ్గరికి వద్దాం. మా చెల్లెలి కూతురు గ్రూప్-2కి చదివింది. పరీక్షకు ముందురోజు హాల్‌టికెట్ నా చేతిలో పెట్టి, “చదువు మామయ్యా, నువ్వు భాష మనిషివి కదా” అంది. సూచనలు చూశాను. అభ్యర్థి బూట్లు వేసుకోరాదు, చెప్పులే వేసుకోవాలి. అభ్యర్థి గోరింటాకు పెట్టుకోరాదు, వేలిముద్ర పడదు. అభ్యర్థి వాచీ తేరాదు. ఫొటో సరిగా పడకపోతే అభ్యర్థి గెజిటెడ్ అధికారితో అటెస్ట్ చేయించిన పత్రం తేవాలి. గేటు మూశాక అభ్యర్థిని లోపలికి అనుమతించరు. కాగితం పొడుగునా అభ్యర్థి, అభ్యర్థి, అభ్యర్థి. ఒక్క వాక్యంలోనైనా ఆ అభ్యర్థి ఏదైనా చెయ్యవచ్చు అని లేదు.

“ఇందులో నువ్వెక్కడున్నావే?” అన్నాను.

“రాదు అన్న ప్రతిచోటా నేనే” అంది.

ఈ రెండు రకాల అభ్యర్థులకూ మన వ్యవస్థ ఇచ్చే మర్యాద ఎలా ఉంటుందో ఖాళీ గళ్ల దగ్గర తెలుస్తుంది. ఓఎంఆర్ షీటులో హాల్‌టికెట్ నంబరు వృత్తం ఒకటి తప్పు నింపితే ఆ షీటు దిద్దరు. వైట్‌నర్ వాడినా, బ్లేడుతో గీకినా అంతే. ఏడాది చదువు ఆ ఒక్క సున్నాలోకి పోతుంది. ఎన్నికల అభ్యర్థి అఫిడవిట్‌లో, అదే ఫారం 26లో, ఆస్తుల గడి ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది? రిటర్నింగ్ అధికారి నోటీసిచ్చి, పరిశీలన మొదలయ్యేలోపు నింపి తెమ్మని చెప్పాలి. అలా గుర్తుచేశాక కూడా నింపకపోతేనే తిరస్కరించాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మంచిదే. నిజానికి అలాగే ఉండాలి. మనిషన్నాక గడి ఖాళీ వదులుతాడు, పిలిచి చెప్పాలి. ఆ పిలిచి చెప్పడం రెండో అభ్యర్థికి ఎందుకు లేదన్నదే నా గొడవ. లక్షలమందిని పిలవలేరు, సరే. ఓఎంఆర్ చదివే కంప్యూటరుకు పేరూ నంబరూ సరిపోల్చుకోవడం మాత్రం అంత బరువా?

‘డమ్మీ అభ్యర్థి’ అనే మాట రెండు చోట్లా ఉంది. ఎన్నికల్లో అయితే భార్యో కొడుకో వేసే రెండో నామినేషన్. అసలుది తిరస్కరణకు గురైతే ఇది అక్కరకొస్తుందని. అందులో తప్పేమీ లేదు, పార్టీ ఇచ్చే బీ-ఫారంలోనే ప్రత్యామ్నాయ అభ్యర్థి పేరుకు చోటుంటుంది. ప్రత్యర్థి పేరే ఉన్న మనిషిని వెతికి తెచ్చి ఓట్లు చీల్చడానికి నిలబెట్టడం ఇంకో రకం. ఆ గందరగోళం తగ్గించడానికే 2015 నుంచి ఈవీఎంల మీద ఫొటోలు పెడుతున్నారు. పరీక్షల్లో డమ్మీ అభ్యర్థి అంటే ఒకరి బదులు ఒకరు రాయడం, 1997 నాటి పబ్లిక్ పరీక్షల చట్టం కింద జైలు. పేపర్లో రెండు వార్తలూ ఒకే రోజు పక్కపక్కన వచ్చిన సందర్భాలు చూశాను. ఒక డమ్మీ తులసిమాలతో, ఒక డమ్మీ మొహానికి కర్చీఫుతో.

‘స్థానిక అభ్యర్థి’ కూడా ఇంతే. ఉద్యోగమైతే, తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివావో బోనఫైడ్లు తేవాలి. మూతపడ్డ ప్రైవేటు బడి హెడ్‌మాస్టరును వెతుక్కుంటూ ఊళ్లు తిరిగినవాళ్లున్నారు. ఎమ్మెల్యేకు నిలబడాలంటే రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటుంటే చాలు. ఎంపీకైతే దేశంలో ఎక్కడైనా సరే. ‘స్థానికేతరుడు’ అన్నది అక్కడ తిట్టు మాత్రమే, అనర్హత కాదు. ‘అభ్యర్థిత్వం’ సంగతీ చూడండి. ఎన్నికల వార్తల్లో దాని తర్వాత వచ్చే మాట దాదాపు ఎప్పుడూ ‘ఖరారు’. నోటిఫికేషన్లలో దాని తర్వాత వచ్చేది ‘రద్దు’.

పేపర్లవాళ్ల మీద కూడా నాకో ఫిర్యాదుంది. హాల్‌టికెట్ వచ్చినరోజు వీళ్లు అభ్యర్థులు. పరీక్ష వాయిదా వెయ్యమని రోడ్డెక్కితే ‘నిరుద్యోగులు’. లాఠీచార్జి జరిగితే ‘ఆందోళనకారులు’. ఏమైనా అఘాయిత్యం జరిగితే ‘విద్యార్థి’. మనిషి ఒకరే. తెలంగాణ గ్రూప్-1 చూడండి. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే, బయోమెట్రిక్ తీసుకోలేదని హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024లో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. మూడుసార్లు ప్రిలిమ్స్ రాసిన మనిషిని ఈ కథలో ఏమని పిలవాలి? ‘నిరుద్యోగి’ అంటే అబద్ధం. వాళ్లలో బళ్లో పాఠాలు చెప్పేవాళ్లున్నారు, కానిస్టేబుళ్లున్నారు, పంచాయతీ కార్యదర్శులున్నారు. అభ్యర్థి అందామంటే వాళ్లు అడుక్కున్నది ఏమీ లేదు. ప్రశ్నపత్రం దాచిపెట్టడం కమిషన్ పని, వేలిముద్ర తీసుకోవడం కమిషన్ పని. రెండూ జరగలేదు కాబట్టి మళ్లీ రాశారు.

నా వాదనకు మూలం ఇదే. ప్రభుత్వ ఉద్యోగానికి సమాన అవకాశం రాజ్యాంగం 16వ అధికరణంలో ఉన్న హక్కు. పోస్టులు ప్రభుత్వమే ప్రకటిస్తుంది, ఎవరైనా రాయవచ్చంటుంది, ఎక్కువ మార్కులొచ్చినవాళ్లకు ఇస్తానంటుంది. అందులో అభ్యర్థన ఎక్కడుంది? అది పందెం. పందెంలో దిగినవాడు పోటీదారు. ‘పోటీ పరీక్షలు’ అని ఆ పరీక్షలకు ఎలాగూ అంటున్నాం, రాసేవాళ్ల దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టించి నిలబెడుతున్నాం. పిల్లలు తమ గురించి చెప్పుకునేటప్పుడు ఈ మాట వాడరు, గమనించండి. “గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా” అంటారు, “డీఎస్సీ రాస్తున్నా” అంటారు. “నేను అభ్యర్థిని” అని ఛాతీ విరిచి చెప్పుకునేది ఎన్నికల్లో నిలబడ్డవాళ్లే.

ఎన్నికల్లో మాత్రం పోటీదారు అనకూడదు. పోటీ అనగానే ఇద్దరు నాయకులు, ఒక బరి, కోడిపందెం. చూసేవాళ్లం మనం. అభ్యర్థి అంటే అడిగేవాడు ఒకడు, ఇచ్చేవాడు ఇంకొకడు. ఇచ్చేవాడు ఓటరు. ఆ సంబంధం మాటలోనే ఉంది. బలి చక్రవర్తి దగ్గరికి వామనుడు వచ్చినప్పుడు, అడిగేవాడి చెయ్యి కిందా ఇచ్చేవాడి చెయ్యి పైనా ఉంటుందని బలి మురిసిపోయింది దాని గురించే. పోలింగుకు ముందురోజు రాత్రి కవరు చేతులు మారినప్పుడు జరిగేదేమిటి? అభ్యర్థి చెయ్యి పైకొస్తుంది, ఓటరు చెయ్యి కిందికి పోతుంది. ఆ క్షణం నుంచి ఎవరు అర్థి? తర్వాత ఐదేళ్లు పెన్షన్ కోసం, ఇల్లు కోసం, బదిలీ కోసం ఎవరు ఎవరి గుమ్మం ముందు నిలబడుతున్నారో చూస్తే తెలుస్తుంది. నిజమైన అభ్యర్థన అప్పటికే పార్టీ ఆఫీసులో అయిపోయి ఉంటుంది, బీ-ఫారం కోసం. ‘ముఖ్యమంత్రి అభ్యర్థి’ అన్న మాట నాకు అందుకే రుచించదు. ఆ పదవికి ఓటరు ఓటెయ్యడు, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. ఆయన ఆ పదవి కోసం మనల్ని అడగడం లేదు. మాట మాత్రం అడుగుతున్నట్టే ఉంటుంది.

రెండు అర్థాలూ ఒకే మనిషిలో కలిసింది 2023లో కొల్లాపూర్‌లో. బర్రెలక్కగా జనానికి తెలిసిన శిరీష, డిగ్రీ చదివినా నోటిఫికేషన్లు రావట్లేదని, బర్రెలు కాసుకుంటున్నానని వీడియో పెట్టిన అమ్మాయి, ఈల గుర్తు మీద స్వతంత్రంగా నిలబడింది. ఐదు వేలకు పైగా ఓట్లొచ్చాయి. ఉద్యోగానికి అభ్యర్థిగా ఉన్నంతకాలం ఆమె పేరు ఏ అధికారికీ తెలియదు, హాల్‌టికెట్ నంబరు మాత్రమే. శాసనసభకు అభ్యర్థి కాగానే భద్రత కల్పించమని హైకోర్టు చెప్పింది, జర్నలిస్టులు ఊరికి దారి కట్టారు. అర్హతలు మారలేదు, మనిషి మారలేదు. చేరిన జాబితా మారింది.

దీనికి ఎదురువాదన నాకు తెలుసు. జీవోల్లో, చట్టాల అనువాదాల్లో క్యాండిడేట్ అంటే అభ్యర్థి అని స్థిరపడింది, ఇప్పుడు కదిపితే గందరగోళం అంటారు. ‘పరీక్షార్థి’ ఉందిగా అని ఇంకొందరంటారు. పరీక్షార్థి అంటే పరీక్ష కోరేవాడు. పరీక్షను కోరుకునే మనిషిని నేనింకా చూడలేదు. దరఖాస్తుదారు బాగానే ఉంటుంది గానీ, దరఖాస్తు పెట్టాక పరీక్ష రాసేటప్పటికి ఆ దశ దాటిపోతాం. స్థిరపడిన మాటల సంగతంటారా, కూలీని కార్మికుడన్నాం, వికలాంగుణ్ని దివ్యాంగుడన్నాం. తలుచుకుంటే ఒక్క జీవో పని.

మా మేనకోడలికి ఈ వాదనంతా వినిపిస్తే, “పోటీదారు అని రాస్తే పోస్టులు పెరుగుతాయా మామయ్యా?” అంది. పెరగవు. ఆ సూచనల కాగితంలో అభ్యర్థి ఉన్న ప్రతిచోటా పోటీదారు అని రాసి ఒకసారి చదివిచూడమన్నాను. ‘గేటు మూశాక పోటీదారును లోపలికి అనుమతించరు.’ ఆమె చదివి, గేటు ఎన్నింటికి మూస్తారో ఆ పక్కనే వేయాలి కదా, కిందెక్కడో చిన్న అక్షరాల్లో వేశారేమిటి అని అడిగింది. అన్నిసార్లు చదివినా అప్పటిదాకా అడగలేదు.